బీరు కోసం తెచ్చిపెట్టిన ఆర్వో నీళ్లు ఎన్నాళ్లు ఉంటాయి? ముందు కాగే నీళ్లు, కాగని నీళ్లు వేరు చేయాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా రెండుసార్లు చదివాను. హనుమకొండలో పుట్టి పెరిగి ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నావు. అక్కడ ఇంట్లోనే 20 లీటర్ల చొప్పున బీరు చేసుకుంటున్నావు. కిరాణా దుకాణం ముందున్న మిషన్ దగ్గర 5 గ్యాలన్ల క్యాన్లు రెండు ఆర్వో నీళ్లతో నింపుకొచ్చి గ్యారేజీలో పెడుతున్నావు. అనుకున్న శనివారం పని కుదరక, ఒక్కోసారి ఆ నీళ్లు మూడు వారాలు అట్లాగే ఉండిపోతున్నాయి. అవి వాడొచ్చా, పారబోయాలా అన్నది నీ మొదటి సందేహం. ప్లాస్టిక్ క్యానే చాలా, స్టీలు డ్రమ్ము కొనాలా అన్నది రెండోది. ఇక్కడ అమ్మ ఫిల్టర్ నీళ్లను రాగి బిందెలో పోసి పెడుతోంది, అది మంచిదేనా అన్నది మూడోది. దసరాకు వచ్చినప్పుడు హనుమకొండ ఇంట్లో బావమరుదుల కోసం ఒక బ్యాచు వేద్దామనుకుంటున్నానని చివర్లో రాశావు.

నేను 22 ఏళ్లుగా నీళ్ల పనిలోనే ఉన్నాను. మొదట నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టుని, తర్వాత కాజీపేట దగ్గర సొంతంగా ఆర్వో ప్లాంటు పెట్టుకున్నాను. బీరు చేయడం మాత్రం మా అల్లుడి దగ్గర నేర్చుకున్నాను. అమెరికాలో అమ్మాయి ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో ఇద్దరం కలిసి తొమ్మిది బ్యాచులు వేశాం. అందులో ఒకటి పూర్తిగా పాడైంది. ఆ సంగతి కింద చెప్తాను, నీకు అక్కరకొస్తుంది.

దసరా మాట ముందే తేల్చేస్తాను. ఇక్కడ వద్దు తమ్ముడూ. అమెరికాలో 1978లో చట్టం మార్చి, ఇంటి వాడకానికి బీరు చేసుకోవడానికి వీలిచ్చారు. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్ముకోవడం మాత్రం కుదరదు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏ మత్తు పానీయమూ తయారు చేయకూడదు. ఇంట్లో తాగడానికే, పది లీటర్లే అన్నా చెల్లదు. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు లైసెన్సు తీసుకునే నడుస్తున్నాయి. పండుగకు వచ్చి కేసులో ఇరుక్కుంటే అమ్మానాన్నల మనసు కష్టపడుతుంది. కాబట్టి కింద రాసే బీరు సంగతులన్నీ నీ డల్లాస్ ఇంటికే. నీళ్లు నిల్వ పెట్టే పద్ధతి మాత్రం రెండు ఇళ్లకూ ఒకటే.

ఇక అసలు విషయం. నీళ్లు ఎన్ని రోజులు ఉంటాయని అడిగే ముందు, ఆ నీళ్లు కాగుతాయా కాగవా అని అడుక్కోవాలి. నీ 20 లీటర్ల బ్యాచుకు సుమారు 30 లీటర్ల నీళ్లు పోస్తావు. ఐదు కిలోల మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఐదు లీటర్ల దాకా పీల్చుకుంటుంది, గంటసేపు మరిగితే మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోతాయి, అడుగున మడ్డితో పాటు మరో లీటరు పోతుంది. ఇందులో బీరులోకి చేరేవన్నీ గంటసేపు తెర్లుతాయి కాబట్టి అందులో ఏ పురుగున్నా చచ్చిపోతుంది. అట్లాంటి నీళ్లు మూడు రోజులవా, మూడు వారాలవా అన్నది పెద్ద లెక్క కాదు. అక్కడ చూడాల్సింది వాసన, రుచి.

మరిగించి చల్లార్చాక కొలత తగ్గిందని రెండు లీటర్లు కలుపుతావే, ఆ నీళ్ల సంగతి వేరు. ఫర్మెంటర్, అంటే బీరు పులియబెట్టే పాత్ర, కడిగాక చివరిసారి తొలిచే నీళ్లు, పొడి ఈస్ట్‌ను నానబెట్టే అర గ్లాసు నీళ్లు కూడా అంతే. ఇవి నిప్పు చూడవు. చల్లారిన మాల్ట్ రసం అంటే చక్కెర నీళ్లే కదా, వేడి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఈస్ట్ పుంజుకోవడానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటల్లో ఎవరు ముందు చొరబడితే వాళ్లదే రాజ్యం. నీళ్లలో బతికే బ్యాక్టీరియా చాలావరకు తర్వాత వచ్చే పులుపుకూ ఆల్కహాలుకూ చచ్చిపోతుంది, కానీ అప్పటికే వదిలిన వాసన బీరులో నిలిచిపోతుంది. ఉడికిన క్యాబేజీ వాసన వస్తోందని చాలామంది హాప్స్‌ను, అంటే చేదు కోసం వేసే పూలను, తిడుతుంటారు. ఒక్కోసారి తప్పు ఆఖర్న కలిపిన రెండు లీటర్లది.

ఆర్వో నీళ్లు అంత శుభ్రమైనవి కదా, ఎందుకు పాడవుతాయి అని నా ప్లాంటుకు వచ్చేవాళ్లూ అడుగుతుంటారు. నల్లా నీళ్లలో మున్సిపాలిటీ వాళ్లు క్లోరిన్ కలుపుతారు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం ఇంటి నల్లా దాకా వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. దారిలో పైపులో ఏదైనా కలిస్తే దాన్ని చంపే కాపలా అది. ఆర్వో మిషన్‌లో పొర దెబ్బతినకుండా ముందే కార్బన్ ఫిల్టర్ పెట్టి ఆ క్లోరిన్‌ను తీసేస్తారు. కాపలావాణ్ణి గుమ్మంలోనే పంపించేసినట్టు. ఆ తర్వాత యూవీ దీపం ఉన్నా, అది దీపం కింద ఉన్నంతసేపే పని చేస్తుంది. మిషన్ దాటి క్యానులో పడ్డాక ఆ నీళ్లను కాచేది ఏదీ లేదు. గాలిలో దుమ్ము, మూతి దగ్గర తగిలిన చెయ్యి, సరిగా ఆరని క్యాను, వీటిలో ఏ ఒక్కటి చాలు. ఉప్పులు లేకపోయినా బ్యాక్టీరియాకు పట్టింపు లేదు. ప్లాస్టిక్ గోడ నుంచి, దుమ్ము నుంచి అందే కాస్త తిండితోనే గోడకు అతుక్కుని పొరలా పెరుగుతుంది.

ఆ పొరను నేను వేలితో తాకి చూశాను. ఒక మే నెలలో హనుమకొండలో ఒక ఇంట్లో ఫంక్షన్ జరిగితే క్యాన్లు పంపాం. నాలుగు మిగిలిపోయాయి. వాళ్లు వాటిని మేడ మీది గదిలో కిటికీ పక్కన పెట్టి మరిచిపోయారు. ఇరవై రోజుల తర్వాత తిరిగొచ్చాయి. సీలు తీయని రెండింటిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. మూత తీసి సగం వాడిన రెండింటిలో మెడ చుట్టూ సన్నటి పచ్చటి గీత ఉంది. లోపలి గోడ మీద వేలు పెడితే సబ్బు రాసినట్టు జర్రున జారింది. నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచితే 38 చూపించింది. నింపిన రోజు రిజిస్టరులో రాసుకున్నదీ 38. మలినం తెలియడానికి వాడే నల్లబడే సీసా పరీక్ష కూడా పెట్టాను, రెండు రోజులైనా నల్లబడలేదు. అంటే అది మురుగు నీటి బ్యాక్టీరియా కాదు, గాలి నుంచీ చేతుల నుంచీ వచ్చి వెలుతురులో, వేడిలో పెరిగిందే. మీటరుకు మాత్రం అది కనబడదు. టీడీఎస్ మీటరు కొలిచేది నీళ్లలో కరిగిన ఉప్పులను, అది కూడా కరెంటు ఎంత పారుతోందో చూసి అంచనా కడుతుంది. బ్యాక్టీరియా సంగతి దానికి తెలియదు. ఎంతోమంది మీటరు చూపించి నీళ్లు బాగున్నాయని చెప్తారు. అది సగం మాటే.

ఆ నాలుగు క్యాన్ల నుంచే నీకు కావాల్సింది దొరుకుతుంది. మూత తీయకుండా ఉన్నవి నిలిచాయి. తెరిచి, సగం ఖాళీ చేసి పెట్టినవి చెడిపోయాయి. అన్ని క్యాన్లకూ రోజులూ వెలుతురూ ఒకటే.

కాబట్టి నీ లెక్క ఇట్లా పెట్టుకో. శుభ్రమైన క్యానులో నిండా నింపి, మూత బిగించి, చీకటిగా చల్లగా ఉన్న చోట పెడితే, మరిగించబోయే నీళ్లు రెండు వారాలు ఉన్నా నేను వాడతాను. మూడు వారాలైతే వాసన చూసి వాడతాను. బీరుతో పాటు కాగని నీళ్లకు మాత్రం నా హద్దు రెండు రోజులు. అది కూడా ముందురోజు మరిగించి పెట్టుకున్నవైతేనే. నీకు పని కుదరని వారాలు ఎక్కువైతే నీళ్లు ముందే తెచ్చి పెట్టుకునే అలవాటే మానెయ్. దుకాణం మిషన్ వారమంతా ఉంటుంది కదా, శుక్రవారం సాయంత్రం తెచ్చుకుంటే పోతుంది. ఇంట్లో అక్కరకు ఉండాలనుకుంటే ఫ్యాక్టరీలో సీలు వేసిన డిస్టిల్డ్ నీళ్ల గ్యాలన్ డబ్బాలు కొని పెట్టుకో. అవి సీలు తీయనంతవరకు నెలల తరబడి ఉంటాయి. నువ్వు మిషన్ దగ్గర నింపుకున్న క్యానుకు ఆ ధీమా ఉండదు, ఎందుకంటే ఆ నాజిల్‌ను నీకంటే ముందు ఎంతమంది ముట్టుకున్నారో ఎవరు చూశారు!

వాసన చూడటం అంటే క్యాను మూత దగ్గర ముక్కు పెట్టడం కాదు. ల్యాబులో మేం చేసిన పద్ధతి చెప్తాను. రెండు గాజు గ్లాసులు తీసుకుని సబ్బు లేకుండా వేడినీళ్లతో కడుగు. ఒకదాంట్లో క్యాను నీళ్లు సగం పొయ్యి, రెండోదాంట్లో కొత్తగా తెచ్చిన నీళ్లు సగం పొయ్యి. రెండింటినీ చెయ్యి కాలేంత వేడి, అంటే సుమారు 60 డిగ్రీలు చేసి, పైన చిన్న ప్లేటు మూసి ఒక నిమిషం ఆగు. ప్లేటు పక్కకు జరిపి వెంటనే వాసన చూడు. చల్లటి నీళ్లలో దాక్కున్న ప్లాస్టిక్ వాసన, బూజు వాసన, పెట్రోలు వాసన అప్పుడు బయటపడతాయి. రెండు గ్లాసుల మధ్య తేడా తెలిసిందంటే ఆ నీళ్లు మొక్కలకు పొయ్యి, బీరుకు వద్దు. పొద్దున ఏమీ తినకముందు, కాఫీ తాగకముందు చూస్తే ముక్కు బాగా పట్టుకుంటుంది.

గ్యారేజీ మాట దగ్గరికే వస్తున్నాను. క్యాన్లను అక్కడి నుంచి వెంటనే తీసెయ్. డల్లాస్ ఎండాకాలం మన రామగుండం ఎండాకాలానికి తీసిపోదు, గ్యారేజీలో ఇంకా ఎక్కువ ఉడుకు. పక్కనే గడ్డి కోసే మిషన్, పెట్రోలు డబ్బా, పెయింటు డబ్బాలు ఉంటాయి. మూత బిగించినా ప్లాస్టిక్ గోడ గుండా ఆ ఆవిర్లు నెమ్మదిగా లోపలికి పోతాయి. మన దగ్గర కూడా వాటర్ క్యాను పక్కన ఫినాయిల్ సీసా, నాఫ్తలీన్ గోళీలు పెట్టే ఇళ్లు చూశాను, ఆ నీళ్లతో చాయ్ పెడితే మొదటి గుటకలోనే తెలుస్తుంది. ఇంటి లోపల బట్టల అల్మారా కింద చీకటి మూల మేలు. నేల మీద కాకుండా చెక్క మీద పెట్టు, కింద తడి చేరదు.

క్యాను ప్లాస్టిక్‌ది వాడుకోవచ్చు. అడుగున త్రికోణంలో అంకె చూడు. 1 అయితే పెట్, 2 అయితే గట్టి పాలిథిన్ రకం, రెండూ తాగునీళ్లకు సరిపోతాయి. 7 అంటే ఇతర రకాలన్నీ కలిపి వేసే అంకె, నీలంగా గట్టిగా ఉండే పాత క్యాన్లు చాలావరకు పాలికార్బొనేట్‌వి, వాటి మీద ఆ అంకే ఉంటుంది. అంకె కన్నా ముఖ్యం లోపలి గోడ. గీతలు పడ్డ క్యాను ఎంత కడిగినా ఆ గీతల్లో పాచి ఉండిపోతుంది. లోపల వైరు బ్రష్షు పెట్టి తోమొద్దు అనేది అందుకే. మా ప్లాంటులో కుర్రాళ్లు మొదట్లో ఇసుక వేసి ఊపేవాళ్లు, మాన్పించడానికి నాకు నెల పట్టింది. గుప్పెడు బియ్యం, గోరువెచ్చటి నీళ్లు వేసి ఊపితే చాలు. స్టీలు డ్రమ్ము చాలా మంచిది, కానీ దానికోసం డబ్బు పెట్టే ముందు నీ దగ్గర ఉన్న బీరు కాచే స్టీలు గిన్నె చూడు. శుక్రవారం రాత్రే నీళ్లు అందులో పోసి మూత పెట్టేస్తే అదే నీ డ్రమ్ము.

క్యాను కడిగే విషయంలో నీకు కొంచెం గట్టిగానే చెప్పాలి, మా బ్యాచు పోయింది ఇక్కడే. అమెరికాలో తాగునీళ్ల క్యానును శుద్ధి చేయడానికి వాసన కలపని బ్లీచ్ ఒక టీస్పూను లీటరు నీళ్లలో కలిపి, లోపలంతా తగిలేలా ఊపి, అర నిమిషం ఆగి పారబోయమని చెప్తారు. తాగే నీళ్లకు అది మంచి పద్ధతి. మా అల్లుడూ నేనూ ఫర్మెంటర్‌ను అట్లాగే చేసి, ఆ తర్వాత ఒక్కసారి తొలిచి వదిలేశాం. పైగా కొలత తగ్గిందని మూడు లీటర్లు సింకు నల్లా నుంచి పట్టి పోశాం. రెండు వారాలకు మూత తీస్తే గవర్నమెంటు ఆస్పత్రిలో కట్లు కట్టే గదిలోకి పోయినట్టు వాసన. నోట్లో పోసుకుంటే నాలుక వెనక మందు చేదు. మాల్ట్‌లో, హాప్స్‌లో ఉండే ఫినాల్ అనే పదార్థాలకు క్లోరిన్ తగిలితే క్లోరోఫినాల్ పుడుతుంది. లీటరులో మైక్రోగ్రాముల లెక్కన ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ఎన్నాళ్లు పెట్టినా పోదు. 19 లీటర్లు లాన్‌లో పారబోశాం. అల్లుడి మొహం చూస్తే నాకే ప్రాణం ఉసూరుమంది.

నల్లా నీళ్లను రాత్రంతా తెరిచి పెడితే క్లోరిన్ ఎగిరిపోతుందని మన దగ్గర అందరికీ తెలుసు. ఇక్కడ అది నిజమే. అక్కడ చాలా ఊళ్లలో, డల్లాస్‌తో సహా, క్లోరిన్‌కు అమ్మోనియా కలిపి క్లోరమిన్‌గా చేసి వదులుతారు. అది రాత్రంతా పెట్టినా, కాసేపు మరిగించినా సరిగా పోదు. మెటాబైసల్ఫైట్ బిళ్ల ఒకటి 75 లీటర్ల నీళ్లకు వేస్తే కొన్ని నిమిషాల్లో పోతుంది, అంటే 19 లీటర్ల క్యానుకు పావు బిళ్ల. ఎప్పుడైనా ఆర్వో నీళ్లు దొరక్క నల్లా నీళ్లు వాడాల్సి వస్తే ఇది మరిచిపోకు. ఆర్వో మిషన్ కార్బన్ పాతబడితే అందులోంచి కూడా కొంత జారిపోవచ్చు. అనుమానం ఉంటే చేపల తొట్టి దుకాణంలో దొరికే క్లోరిన్ పట్టీ ముంచి చూసుకో.

నీ క్యాన్లకు నేను చెప్పేది ఇది. వాడిన వెంటనే, లోపల తడి ఆరకముందే వేడినీళ్లతో తొలుచు. తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి గంట నానబెట్టు. తర్వాత బోర్లించి, మూతి కింద గాలి ఆడేలా రెండు చెక్కల మీద ఆరబెట్టు. మన ఊళ్లో గౌండ్లవాళ్లు లొట్టి కడిగి బోర్లించడం చిన్నప్పుడు చూసే ఉంటావు, అంతే. పూర్తిగా ఆరిన క్యానులో బ్యాక్టీరియా పెరగదు, తడిగా మూత బిగించిన క్యానులోనే పెరుగుతుంది. నింపుకోబోయే ముందు బీరు వాళ్లు వాడే ఫాస్ఫారిక్ యాసిడ్ రకం శుద్ధి ద్రావణం, నువ్వు ఇప్పటికే వాడుతున్న స్టార్ శాన్ లాంటిది, లీటరుకు 1.5 మిల్లీలీటర్ల లెక్కన కలిపి ఊపి పారబోయి. నురగ మిగిలినా భయం లేదు. ఆ ద్రావణం కూడా ఆర్వో నీళ్లతో కలుపుకో. గట్టి నీళ్లతో కలిపితే కాసేపటికి పాలలా మబ్బు పట్టి బలం తగ్గుతుంది, ఆర్వో నీళ్లతో అయితే తేటగా ఉండి వారాల తరబడి పనికొస్తుంది. రెండు క్యాన్లు తెచ్చుకుంటే 38 లీటర్లు, బ్యాచుకు 30 పోతాయి, మిగిలిన ఎనిమిదిలో ద్రావణానికి నాలుగైదు లీటర్లు తీసుకో.

మిగతా మూడు లీటర్లే నీ కాగని నీళ్లు. వాటిని శుక్రవారం రాత్రే ఒక స్టీలు గిన్నెలో పోసి ఐదు నిమిషాలు బాగా తెర్లనివ్వు. మూత పెట్టి అట్లాగే చల్లార్చు, మధ్యలో తీసి చూడొద్దు. చల్లారాక శుద్ధి చేసిన సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు కొలత తగ్గినా, ఈస్ట్ నానబెట్టాలన్నా అవే. ఈ ఒక్క పని చేస్తే నీ నిల్వ సమస్యలో ముప్పావు వంతు తీరిపోతుంది.

క్యానులోంచి నీళ్లు తీయడం గురించి ఒక మాట. మా నాయనమ్మ ఇంట్లో అరుగు మీద రంజన్ ఉండేది. పైన మూత, మూత మీద బోర్లించిన చెంబు. ఎంత దాహమైనా చెయ్యి లోపల పెట్టనిచ్చేది కాదు, పొడుగు పిడి గరిటెతో తీసి చెంబులో వంచేది. చెయ్యి పడితే నీళ్లు మైలపడతాయనేది. ల్యాబులో చేరాక ఎన్ని ఇళ్ల నీళ్లు పరీక్షించినా నాకు కనిపించింది అదే. సంపులో బాగున్న నీళ్లు, బిందెలో చెడిపోయేవి. నీ క్యానుకు కుళాయి ఉంటే దాని మూతిని పట్టే ప్రతిసారీ ద్రావణం పిచికారీ చెయ్. చేతి పంపు గొట్టం పెట్టేవాళ్లు ఆ గొట్టం లోపల ఎప్పుడూ కడగరు, అది నాకు అసలు నచ్చదు.

ఇక నీళ్లలో ఉప్పుల సంగతి, నువ్వు అడగలేదు కానీ చెప్పక తప్పదు. ఒట్టి ఆర్వో నీళ్లతో బీరు చేస్తే చప్పగా వస్తుంది, ఈస్ట్ కూడా అడుగున సరిగా కూర్చోదు. క్యాల్షియం లీటరుకు 50 మిల్లీగ్రాములైనా ఉండాలి. 30 లీటర్లకు 6 గ్రాముల క్యాల్షియం క్లోరైడ్ వేస్తే క్యాల్షియం 54, క్లోరైడ్ 96 దాకా వస్తాయి, గుండ్రటి రుచికి అది చాలు. హాప్స్ చేదు పదునుగా కావాలంటే అందులో సగం తగ్గించి 4 గ్రాముల జిప్సం కలుపు. ఇవి నిల్వ క్యానులో కాదు, ఆ రోజు గిన్నెలో వెయ్యి. అప్పుడు క్యాను నీళ్లు దేనికైనా పనికొస్తాయి. మాష్, అంటే వేడినీళ్లలో మాల్ట్ నానబెట్టిన మిశ్రమం, దాని పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య నిలిచిందో లేదో చూసుకో. నిల్వ ఉన్న ఆర్వో నీళ్ల పీహెచ్ 6 కన్నా కిందికి పడినట్టు పట్టీ చూపిస్తే కంగారు పడకు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి అట్లా అవుతుంది, ఆపేందుకు ఉప్పులు లేవు కాబట్టి. చెడిపోయిన గుర్తు కాదు.

బీరు చరిత్రంతా నీళ్ల చరిత్రే తమ్ముడూ. చెక్ దేశంలో ప్ల్జెన్ ఊరి నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ, అందుకే 1842లో అక్కడ తేట బంగారు రంగు బీరు పుట్టింది. ఇంగ్లాండులో బర్టన్ ఊరి బావుల్లో జిప్సం ఎక్కువ, అక్కడ చేదు బీర్లు పేరు తెచ్చుకున్నాయి. మనది గ్రానైట్ రాతి నేల. ఆ నేల మీద బావుల కన్నా చెరువులే దిక్కని కాకతీయులకు తెలుసు, పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు అట్లా వచ్చినవే. ఇప్పటికీ వరంగల్ నగరం ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల మీద ఆధారపడి ఉంది. చెరువు నీళ్లు మెత్తన, బోరు నీళ్లు గట్టివి, కొన్ని పల్లెల్లో ఫ్లోరైడు కూడా. గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుందంటే బైకార్బొనేట్ ఎక్కువని. అది మాష్ పీహెచ్‌ను పైకి తోస్తుంది. ఇక్కడి బోరు నీళ్లతో లేత రంగు బీరు రాదు.

దుకాణం మిషన్ దగ్గర ఒక చిన్న జాగ్రత్త తీసుకో. ఆర్వో ఆగి ఉన్నప్పుడు పొరకు అటు ఇటు ఉప్పులు సమానమవుతూ వస్తాయి, అందుకే మొదట వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువ. మొదటి రెండు లీటర్లు పారబోసి, ఆ తర్వాత మీటరు పెట్టి చూడు. 10 నుంచి 30 మధ్య ఉంటే మిషన్ బాగున్నట్టు. 80 దాటితే పొర పాతబడ్డదన్నమాట, వేరే దుకాణం చూసుకో. హనుమకొండ ఇంట్లో ఫిల్టరుకు టీడీఎస్ తిప్పే మర ఉంటుంది. అది పొర దాటని నీళ్లను కొంత కలుపుతుంది. తాగడానికి రుచి కోసం పెట్టింది కాబట్టి ఇంట్లో దాన్ని ముట్టుకోవద్దని చెప్పు.

అమ్మ రాగి బిందె విషయం. రాత్రి పోసిన నీళ్లు పొద్దున తాగితే మంచిదే, రాగి కొంత బ్యాక్టీరియాను చంపుతుంది. కానీ ఉప్పులు తక్కువగా, కొంచెం పుల్లగా ఉండే ఆర్వో నీళ్లు రాగిని నల్లా నీళ్ల కన్నా తొందరగా కరిగించుకుంటాయి. నీళ్లలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అందుకని రోజుల తరబడి అందులో నిల్వ పెట్టొద్దు, ఏ రోజుకారోజు పోసుకోమను. మజ్జిగ, నిమ్మరసం అందులో అసలు కలపొద్దు. లోపల పచ్చగా చిలుము పడితే చింతపండు, ఉప్పుతో తోమి కడిగాకే నీళ్లు పోయాలి. నెలకు సరిపడా క్యాన్లు తెప్పించుకునే అలవాటుంటే మాన్పించు. మూత తీసిన క్యాను మూడు రోజుల్లో అయిపోయేలా చూసుకోవాలి, ఎండాకాలంలో రెండు రోజులే. ఇద్దరే ఉంటే 20 లీటర్లది వద్దు, 10 లీటర్లది తెప్పించు. ఫిల్టరు లోపలి ట్యాంకును ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారో కూడా అడుగు. చాలా ఇళ్లలో కొన్న రోజు నుంచి కడగలేదనే జవాబే వింటున్నాను, సర్వీసు కుర్రాడు వచ్చినప్పుడు అది తీయించి కడిగించాలి.

ఇప్పుడు గ్యారేజీలో ఉన్న మూడు వారాల నీళ్ల సంగతి. ముందు వాసన పరీక్ష చెయ్. లోపలి గోడకు వేలు తాకించి జారుతోందేమో చూడు. రెండూ బాగుంటే మాష్‌కు వాడుకో, కాగని పనులకు మాత్రం వద్దు. ఏ ఒక్కటి తేడా వచ్చినా పారబోసి క్యాను ఆరబెట్టు. మిషన్ దగ్గర మీటరు ఎంత చూపించిందో, క్యాను అడుగున ఏ అంకె ఉందో, ఈసారి ఏ రకం బీరు వేస్తున్నావో రాస్తే ఉప్పుల లెక్క నీ బ్యాచుకు సరిపోయేలా వేసి పంపుతాను.